మా పోలీసోళ్ళ టీము

మోహన్ బగాన్ క్లబ్బు 1889లో పుట్టిందని కలకత్తాలో బంతి తన్నడం రాని పిల్లవాడు కూడా చెబుతాడు. 1911 జూలై 29న ఆ క్లబ్బు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచింది. ఆ తేదీ అక్కడ ఇప్పటికీ పండగే. అదే మోహన్ బగాన్‌ను 1950 డ్యూరాండ్ కప్పు ఫైనల్లో ఓడించిన జట్టు పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. ఆ పేరు ఎప్పుడైనా విన్నారా అని నేను హైదరాబాదులో చాలామందిని అడిగాను. "పోలీసులకి ఫుట్‌బాల్ టీమా?" అని నవ్వినవాళ్ళే ఎక్కువ. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక కొంచెం నయం. రహీమ్ పేరెత్తితే "అజయ్ దేవగణ్ వేశాడే, ఆయనేనా?" అంటున్నారు.

నాది హైదరాబాదు కాదు. అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. ఏడాదికి ఐదొందల చిల్లర మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. శెనక్కాయ పంట, ఎండిన చెరువు, బెంగుళూరు బస్సు. మా ఊరి గురించి ఇంతకంటే చెప్పడానికి పెద్దగా లేదు. అక్కడివాణ్ణి హైదరాబాదు జట్టు గురించి ఎందుకు రాస్తున్నానంటే, నేను చిన్నప్పుడు విన్న మొదటి ఫుట్‌బాల్ కథ ఆ జట్టుదే. చెప్పింది మా పెద్దనాయన. ఆయన ఆర్మ్‌డ్ రిజర్వులో కానిస్టేబులు. జీవితంలో ఒక్కసారి కూడా బంతి తన్నలేదు. అయినా ఆ జట్టు పేరు ఎప్పుడూ పేరుగా చెప్పేవాడు కాదు. "మా పోలీసోళ్ళ టీము" అనేవాడు.

ముందు లెక్క చెబుతాను, ఎందుకంటే ఈ లెక్క తెలుగులో ఎక్కడా సరిగా కనిపించదు. బొంబాయిలో రోవర్స్ కప్పు 1891లో మొదలైంది, తెల్ల పటాలాల ఆటగా. దాన్ని గెలిచిన మొదటి భారతీయ జట్టు మా పక్కూరిదే, బెంగుళూరు ముస్లిమ్స్, 1937లో. ఆ కప్పును హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది. ఆ కప్పు చరిత్రలో ఇంకే జట్టూ ఆ పని చెయ్యలేదు. మళ్ళీ 1957లో గెలిచింది. 1960లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ అన్న కొత్త పేరుతో గెలిచింది. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో పంచుకుంది. 1963లో మళ్ళీ ఒంటరిగా ఎత్తింది. డ్యూరాండ్ కప్పు 1950, 1954, 1957, 1961 సంవత్సరాల్లో. ఇక రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956లోను, 1957లోను వరసగా గెలిచింది. ఒక ఊరి పోలీసు శాఖ, పదమూడేళ్ళ పాటు, దేశమంతటినీ ఓడిస్తూ తిరిగిందన్నమాట.

1950 అన్న అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులోకి వచ్చింది. దాన్ని మనం 'పోలీసు చర్య' అని పిలుచుకున్నాం. ఆ తర్వాత ఊళ్ళో ఎవరు ఎవరిని ఏ కళ్ళతో చూశారో ఆ కాలం గురించి చదివినవాళ్ళకు తెలుసు. నిజాం పోలీసుగా ఉద్యోగంలో చేరినవాడు ఇండియా పోలీసు అయ్యాడు. యూనిఫాం మారింది, పై అధికారి మారాడు, రాజ్యమే మారింది. ఇంత జరిగిన రెండేళ్ళకే ఆ పోలీసులే రైలెక్కి బొంబాయి వెళ్ళి కప్పు తెచ్చారు. జట్టులో పాతబస్తీ ముస్లిములున్నారు, క్రైస్తవులున్నారు, సికింద్రాబాదు కంటోన్మెంటు పక్క బస్తీల్లో పెరిగిన తమిళులున్నారు. ఆ సంవత్సరాల హైదరాబాదు మీద వచ్చిన పుస్తకాల్లో నేను చదివినంతలో ఈ రైలు ప్రయాణానికి ఒక్క పేజీ కూడా దక్కలేదు. నాకైతే అది చాలా పెద్ద సంగతిలా కనిపిస్తుంది.

ఇప్పుడు మా పెద్దనాయన అన్న ఆ 'మా' సంగతి. అనంతపురానికీ హైదరాబాదుకూ ఏం సంబంధం? 1800లో నిజాం మా జిల్లాలను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చేశాడు. దత్తమండలాలన్నది అప్పటి పేరే. నూటయాభై ఏళ్ళు మేం మద్రాసు వైపు చూస్తూ బతికాం. 1953లో కర్నూలు వైపు చూశాం. 1956 నవంబరు 1న హైదరాబాదు వైపు తిరిగాం. రాష్ట్రం కలిసింది కాబట్టి పోలీసు శాఖ కలిసింది, శాఖ కలిసింది కాబట్టి జట్టు పేరూ మారింది. అనంతపురం పోలీస్ ట్రెయినింగ్ కాలేజీలో కవాతు చేసి కొత్తగా బూట్లు తొడుక్కున్న మా పెద్దనాయనకు, అడక్కుండానే, ఐదు రోవర్స్ కప్పులున్న జట్టు ఒకటి వాటాకొచ్చింది. పంపకాల్లో ఇట్లాంటివి కూడా వస్తాయి. ఆస్తి పంపకాల్లో మా వంశానికి ఎప్పుడూ ఏమీ రాలేదు కాబట్టి ఆయన దీన్ని గట్టిగానే పట్టుకున్నాడు.

బందోబస్తు పని మీద హైదరాబాదు పంపినప్పుడు ఫతే మైదానంలో రెండు మూడుసార్లు ఆట చూశాడట. ఇప్పుడది లాల్ బహదూర్ స్టేడియం, 1967లో పేరు మార్చారు. ఆట ఎట్లా ఉండిందో ఆయన ఎప్పుడూ సరిగా చెప్పలేకపోయేవాడు. ఎవరు ఎవరికి బంతి ఇచ్చారు, గోలు ఎట్లా పడింది, ఏమీ లేదు. ఒక్కటే చెప్పేవాడు.

"యాడన్నా పోలీసోణ్ణి చూసి జనం చప్పట్లు కొట్టేది చూసినావా రా? నేను చూసినా. నా కండ్లతో చూసినా."

లాఠీ పట్టుకుని జనానికి ఎదురుగా నిలబడడమే ఉద్యోగమైన మనిషి ఆయన. ఆ రోజు కూడా వీపు మైదానం వైపు, ముఖం జనం వైపు పెట్టి నిలబడే ఉంటాడు. బందోబస్తు అంటే అదే కదా. కాబట్టి ఆయన చూసింది ఆటను కాదు, ఆట చూస్తున్న ముఖాలను. ఇది నాకు చాలా ఏళ్ళ తర్వాత తట్టింది. అప్పటికి ఆయన లేడు.

ఆ జట్టు ఎట్లా తయారైందన్నది అసలు కథ. సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియాలో చదివి బడిపంతులయ్యాడు. 1950 నుంచి చనిపోయే దాకా సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడు. దాదాపు అదే కాలంలో భారత జట్టుకు కూడా. ఆయన శిక్షణలో దేశం 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్ బంగారు పతకం గెలిచింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగొస్లావియా చేతిలో 10-1తో చితికిపోయింది. అప్పటికి మనవాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతోనే ఆడుతున్నారు. నాలుగేళ్ళకు 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియా నుంచి ఏ దేశమూ అంతకుముందు అంత దూరం వెళ్ళలేదు. హెల్సింకీకి, మెల్‌బోర్న్‌కు రెండింటికీ వెళ్ళిన వాళ్ళలో సిటీ పోలీస్ నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ ఉన్నారు. 1962లో జకార్తాలో, వేలమంది గేలి చేస్తున్న స్టేడియంలో, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి రెండో బంగారు పతకం. అప్పటికే రహీమ్‌ను క్యాన్సరు తినేస్తోంది. 1963 జూన్ 11న పోయాడు.

ఆయన పద్ధతుల గురించి చదివినప్పుడల్లా నాకు శిక్షకుడి కంటే పంతులే ఎక్కువ కనిపిస్తాడు. కుర్రవాళ్ళకు పోటీలు పెట్టేవాడట, కానీ బంతిని కాలి దగ్గర పెట్టుకుని గింగిర్లు తిప్పడం నిషేధం. వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకో పోటీలో చేతకాని కాలితోనే ఆడాలి. కుడిచేత్తో రాసే పిల్లవాడి చేత ఎడమచేత్తో పలక మీద అ ఆలు దిద్దించడం లాంటిది. బంతి మీద మోజు అందరికీ ఉంటుంది. దాన్ని వదిలిపెట్టడం నేర్పించాలంటే పంతులే కావాలి. ఒంటి మీద ఒకటే యూనిఫాం ఉన్న పోలీసులకు ఆ పాఠం మిగతావాళ్ళ కంటే తొందరగా ఎక్కిందేమో. ఇది నా ఊహ మాత్రమే.

మా పల్లెలో ఆ పాఠం ఎవరూ చెప్పలేదు గాని, మా చెరువు కొంత చెప్పింది. నేను హైస్కూల్లో చేరినప్పుడు డ్రిల్లు అయ్యవారు మాకు ఒక తోలు బంతి ఇచ్చినాడు. లోపల బ్లాడరు, పైన బూటుకున్నట్టు లేసు. తలతో కొడితే ఆ లేసు ముడి నుదుటి మీద అచ్చు పడేది. ఆడే జాగా చెరువు. చెరువులో నీళ్ళుంటే ఊరికి పంట, మాకు ఆట లేదు. చెరువు ఎండితే ఊరికి కరువు, మాకు గ్రౌండు. అనంతపురం జిల్లాలో పుట్టినవాళ్ళకు ఈ బేరం ఎటువైపు తేలేదో చెప్పక్కర్లేదు. మాకు ఏళ్ళకేళ్ళు గ్రౌండు దొరికింది. అడుగున ఒండ్రు ఎండి నెర్రెలిచ్చి, ఒక్కో నెర్రెలో పిల్లవాడి పాదం దిగేటంత సందు. అక్కడ బంతిని కాలి దగ్గర పెట్టుకుని వయ్యారాలు పోతే చీలమండ విరుగుతుంది. కట్ట వైపు పోతే కంపచెట్లు. ముల్లు దిగితే బ్లాడరు పోయినట్టే, సైకిలు షాపులో పంచరు వేయించడానికి పావలా ఎవడి దగ్గర ఉంటుంది? కాబట్టి బంతి వచ్చిందంటే ఇంకొకడికి తొయ్యడమే. మాకు తెలియకుండానే రహీమ్ నియమాలు పాటించాం. గోలు పోస్టులు రెండు గుండ్లు. జట్టుకు ఎంతమంది అన్న లెక్కలేదు, బెంగుళూరుకు కూలికి పోకుండా ఆ వారం ఊళ్ళో ఎంతమంది మిగిలితే అంతమంది. నాయనతోపాటు మూటాముల్లె సర్దుకుని పోయినవాడు మళ్ళీ వచ్చేది ముంగారుకే.

మా పెద్దనాయన సెలవులో వచ్చినప్పుడు చెరువుకట్ట మీద కూర్చుని చూసేవాడు. "మీరు ఆడేది ఫుట్‌బాలు కాదు రా, ముండ్లు తొక్కకుండా పరిగెత్తేది" అనేవాడు. అయినా చీకటి పడే దాకా లేచేవాడు కాదు.

చదువు, తర్వాత బ్యాంకు ఉద్యోగం. తొంభైల్లో నన్ను కలకత్తా వేశారు. రెండేళ్ళున్నాను. అక్కడి మైదాన్‌లో క్లబ్బుల గుడారాలుంటాయని విని, అవి నిజంగా గుడ్డ డేరాలే అనుకుని వెళితే, పచ్చిక, కంచె, గ్యాలరీ, ఆఫీసు, క్యాంటీను అన్నీ ఉన్న సంసారాలు. డేరా అన్నది పేరుకే. క్యాంటీన్లో పల్చటి కోడి పులుసు, కాల్చిన రొట్టె తెచ్చిపెడతారు. దాన్ని వాళ్ళు స్టూ అంటారు. మా జేజి చూస్తే జ్వరం వచ్చినవాళ్ళ పథ్యం అనేది. అక్కడ కూర్చున్నవాళ్ళంతా సభ్యులు. జేబులో కార్డు, ఏటా కట్టే చందా, ఓటు. ఎన్నికల్లో ఏ వర్గం ఏం చేసిందని ఒకరినొకరు తిట్టుకోవడమే అక్కడి ప్రధాన వినోదం. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలీష్ చేప ధర పెరుగుతుంది, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల ధర. దేశం రెండు ముక్కలై, ఇల్లూ పొలమూ అవతల వదిలి వచ్చినవాళ్ళకు ఈస్ట్ బెంగాల్ అన్న పేరే ఊరయింది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే గాని, ఒక సాయంత్రం విన్న మాట మటుకు నాకే దక్కింది.

ఒక ముసలాయన, డెబ్బై దాటి ఉంటాయి, నా ఊరు అడిగాడు. ఆంధ్ర అన్నాను. ఆయన ముఖం కొంచెం ముడుచుకుంది. "హైదరాబాద్ పోలీస్" అన్నాడు, అప్పుల వాళ్ళ పేరు తలుచుకున్నట్టు. తర్వాత వేళ్ళు మడుస్తూ నూర్, అజీజ్, లాయక్, జమాల్ అని పేర్లు చెప్పుకుంటూ పోయాడు. యాభైల్లో తను కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆ జట్టు పేరు విన్నా కడుపులో తిప్పేదట. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ తిప్పుడు పోలేదు. అవి మా వాళ్ళ పేర్లు. మా ఊళ్ళో గాని, హైదరాబాదులో గాని నాకెవరూ ఆ పేర్లన్నీ ఒక్క ఊపిరిలో చెప్పలేదు. ఓడిపోయినవాళ్ళు దాచిపెట్టారు మన చరిత్రను. గెలిచినవాళ్ళం మనం పారేసుకున్నాం.

ఎందుకు పారేసుకున్నాం? రహీమ్ చనిపోవడంతో అంతా కూలిందని చెప్పడం తేలిక. ఆయన పోయిన 1963లో గెలిచిందే ఆ జట్టుకు చివరి రోవర్స్ కప్పన్న మాట నిజం. డ్యూరాండ్ అంతకు రెండేళ్ళ ముందే ఆగింది. 1965-66లో రాష్ట్ర జట్టు సంతోష్ ట్రోఫీ గెలవడం దీపం చివరి వెలుగు. కాని గురువు పోతే క్లబ్బు పోవాలని ఎక్కడుంది? కలకత్తా క్లబ్బుల్లో ఎంతమంది గురువులు పోలేదు? ఆటగాళ్ళు లేక పోయిందా అంటే, అదీ కాదు. సికింద్రాబాదు పక్క అమ్ముగూడలో పేదరికంలో పెరిగి, రహీమ్ కంట్లో పడి, భారత జట్టుకు ఎదిగిన తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. తర్వాత నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్... హైదరాబాదు వీధులు కాళ్ళు తయారు చేస్తూనే ఉన్నాయి. 1977లో పెలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2తో నిలబడింది. అందులో ఒక గోలు హబీబ్‌ది. కలకత్తాలో ఆయన్ని ఇప్పటికీ 'బడే మియా' అంటారు. 2023 ఆగస్టులో ఆయన హైదరాబాదులో పోయినప్పుడు కలకత్తా పత్రికలు పేజీలు నింపాయి. ఆ క్లబ్బులు అన్నేళ్ళు బతకడంలో మా హైదరాబాదు కాళ్ళకూ వాటా ఉంది.

అసలు తేడా నాకు ఆ క్యాంటీన్లోనే అర్థమైంది. సిటీ పోలీస్‌కు గుడారం లేదు. సభ్యులు లేరు, చందా లేదు, ఓటు లేదు, తిట్టుకోవడానికి ఎన్నికలు లేవు. అది క్లబ్బు కాదు, శాఖ. ఆ రోజుల్లో ఆడితే డబ్బులిచ్చే పద్ధతి లేదు. ఉద్యోగం ఇస్తారు, జీతం వస్తుంది, డ్యూటీలో వెసులుబాటు ఉంటుంది. పేదింటి కుర్రవాడికి అంతకంటే వరం ఏముంది? ఆటకు వయసు అయిపోయాక కూడా పోలీసు పోలీసే, పింఛను వస్తుంది. ఇది చిన్నమాట కాదు. కలకత్తా క్లబ్బుల్లో ఆడి ముసలితనంలో మందులకు డబ్బుల్లేక అల్లాడిన గొప్ప ఆటగాళ్ళ కథలు ఎన్ని వినలేదు? శాఖ మనిషిని కాపాడింది. కాని జట్టును కాపాడాల్సిన బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు శాఖలో జవాబు లేదు. ఆటంటే ఇష్టమున్న అధికారి బదిలీ అయితే ఆట కూడా బదిలీ అవుతుంది. బయట గ్యాలరీలో ఎంత చప్పట్లు కొట్టినా ఆ చప్పట్లకు ఫైలు మీద సంతకం చేసే హక్కు లేదు. మా పెద్దనాయనకు అసలే లేదు. 'మా టీము' అని ఆయన అనుకున్నాడు గాని, ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు.

2014 జూన్ 2న రాష్ట్రం మళ్ళీ విడిపోయింది. ఉద్యోగులను, అప్పులను, భవనాలను, నీళ్ళను పంచుకున్నారు, కొన్నింటికి ఇంకా తగువే. ఆ కప్పులు ఎవరి వాటాకు పోవాలన్నది తగువు కూడా కాలేదు. న్యాయంగా అవి హైదరాబాదువే, నేనేమీ అడగడం లేదు. కాని 1960లో, 1961లో, 1963లో గెలిచిన జట్టు పేరులో మా పేరు కూడా ఉంది కదా అని ఒక పురుగు తొలుస్తుంటుంది. పెద్దనాయన ఉంటే ఏమనేవాడో!

కొత్త కాలం క్లబ్బు సంగతి కూడా చూశాం. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చింది. పుణెలో మూతపడిన క్లబ్బు స్థానంలో పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐ.ఎస్.ఎల్. గెలిచింది. ఆ రాత్రి నేను ఒక్కణ్ణే టీవీ ముందు లేచి నిలబడ్డాను. మా ఇంట్లోవాళ్ళు ఏదో అయిందని పరిగెత్తుకొచ్చారు. మూడేళ్ళు తిరక్కముందే జీతాల గొడవలు, యజమానుల మార్పు, చివరికి 2025లో క్లబ్బు ఢిల్లీకి వెళ్ళిపోయి పేరు కూడా మార్చుకుంది. దుకాణం ఖాళీ చేసి బోర్డు తీసుకెళ్ళినట్టు. హైదరాబాదులో ఒక్క బస్సు ఆగలేదు. ఇదే సమయంలో కలకత్తాలో ఏం జరిగిందో చూడండి. 2020లో మోహన్ బగాన్ పేరు ముందు పెట్టుబడిదారులు ఏ.టి.కె. అని తగిలించారు. జనం మూడేళ్ళు బ్యానర్లు కట్టారు, అరిచారు, స్టేడియానికి వెళ్ళడం మానేశారు. 2023లో ఆ మూడక్షరాలు ఊడాయి. పెట్టుబడి మాత్రం ఉంది, వెనకాల ఇంకో మాట వచ్చి చేరింది, పూర్తి గెలుపేమీ కాదు. అయినా ఊడాయి.

ఇదంతా ఎక్కడో జరిగిన ముచ్చటగా రాయలేను, ఎందుకంటే ఈ ప్రశ్న ఇప్పుడు మా అనంతపురం గుమ్మంలో ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్, ఆన్ ఫెర్రర్ ఇక్కడ ఆర్.డి.టి. మొదలుపెట్టారు. బావులు, ఇళ్ళు, బడులు, ఆసుపత్రులతోపాటు అనంతపురం పక్కన క్రీడాగ్రామం కట్టారు. కరువు జిల్లాలో అంత పచ్చగడ్డి ఒక్కచోట ఉండడమే ఒక వింత. దాని మీద ఆడపిల్లలు బూట్లు వేసుకుని ఫుట్‌బాల్ ఆడడం ఇంకో వింత. అమ్మానాయన కూలికి పోయే ఇళ్ళ పిల్లలు. స్పెయిన్ నుంచి లా లీగా వాళ్ళు వచ్చి శిక్షణలో చెయ్యి కలిపారు. పల్లెల్లో ఇప్పుడు జట్లున్నాయి, వారం వారం మ్యాచులున్నాయి, ఓడినవాళ్ళ ఏడుపులున్నాయి. నేను చెరువులో ముండ్లు తప్పించుకున్న జిల్లాయేనా ఇది అనిపిస్తుంది. 2025లో ఆ సంస్థకు విదేశీ విరాళాల అనుమతి రెన్యువల్ కాలేదు. జిల్లాలో జనం రోడ్లెక్కారు. ఆసుపత్రి కోసం, బడి కోసం వచ్చినవాళ్ళే ఎక్కువ, సహజంగానే. ఆ గుంపుల్లో జెర్సీలు వేసుకున్న పిల్లల్ని కూడా చూశాను. పోలీసు శాఖ జట్టు కోసం ఎవరూ రోడ్డెక్కలేదు. ఇక్కడ ఎక్కారు. ఆ తేడా నాకు చిన్నదిగా కనబడలేదు. అయినా పచ్చగడ్డికి నీళ్ళు పెట్టే డబ్బు ఎక్కడో సముద్రాల అవతలి నుంచి వస్తున్నంత కాలం ఆ గడ్డి మీద ఆడే పిల్లలకు 'మా' అనే మాట సగమే చెల్లుతుంది.

రిటైరై ఊరికి వచ్చేసి నాలుగేళ్ళయింది. హంద్రీ-నీవా పుణ్యమా అని మా చెరువులోకి కృష్ణా నీళ్ళు వచ్చాయి. మా గ్రౌండు మునిగిపోయింది. గుండ్లు ఎక్కడున్నాయో కూడా తెలియదు. బాధగా లేదు, నీళ్ళు చూడ్డానికి పొద్దున్నే కట్ట మీదికి పోతాను. పిల్లలు ఊరి బయట ప్లాట్లు వేసి అమ్ముడుపోని వెంచర్లోకి మారారు. హద్దురాళ్ళ మధ్య ఆట. మెస్సీ పేరున్న చొక్కాలు. వాళ్ళలో ఇద్దరు క్రీడాగ్రామంలో శిక్షణ పొంది వచ్చిన పిల్లలు. మిగతావాళ్ళకు వాళ్ళే నేర్పుతున్నారు, బంతి దగ్గర పెట్టుకోవద్దు, ఇచ్చెయ్ ఇచ్చెయ్ అని అరుస్తూ.

పోయిన నెల ఒకడు నోటుబుక్కు పట్టుకుని ఇంటికి వచ్చాడు. బంతి కొనాలట. తలా ఇరవై రూపాయలు. పేజీకి గీతలు గీసి పేర్లు, ఎదురుగా కట్టినవాళ్ళకు టిక్కు. కట్టనివాళ్ళ పేర్ల కింద ఎర్ర గీత. నేను వంద నోటు తీశాను.

"అంత వద్దు సారూ. ఇరవై చాలు."

"ఉంచుకో రా, నా దగ్గర చిల్లర లేదు."

"చిల్లర తెస్తాలే. ఎక్కువ ఇచ్చినోళ్ళు మళ్ళ కెప్టెన్ను మాకే చెయ్యల్ల అంటారు" అన్నాడు, బుక్కు చంకలో పెట్టుకుంటూ. ఎనభై రూపాయలు సాయంత్రం తెచ్చిచ్చాడు.